‘రాను’ అనగలిగినవాడు
మనిషి స్వభావం, స్వేచ్ఛ, సత్యం, సమాజం: తాత్విక ఆలోచనలపై ఒక సమీక్ష

శ్రీరంగాపూర్‌లో రంగసముద్రం గట్టు మీద నిలబడితే రంగనాయకస్వామి గుడి నీళ్లలోంచి లేచినట్టు కనిపిస్తుంది. గాలి లేని పొద్దున గోపురం నీడ అంతస్తులతో సహా చెరువులో నిలుస్తుంది. 18వ శతాబ్దంలో వనపర్తి సంస్థానాధీశులు కట్టించిన గుడి ఇది. రాజు తమిళదేశం వెళ్లి శ్రీరంగంలో స్వామిని చూసి వచ్చాడని, అలాంటి గుడి తన నేల మీదా ఉండాలని కోరుకున్నాడని ఇక్కడివాళ్లు చెప్పుకుంటారు. గుడి ఆలోచనతో పాటు శ్రీరంగం నుంచి ఒక ప్రశ్న కూడా ఇక్కడికి వచ్చింది. మనిషి తన చేతుల్లో ఉన్నాడా, ఇంకొకరి చేతుల్లో ఉన్నాడా అన్నదే ఆ ప్రశ్న.

అదే ప్రశ్నను ఈ చుట్టుపక్కల పల్లెలు వేరే మాటల్లో అడిగాయి. పండక్కి ఊరికొచ్చిన కూలీ దగ్గరికి గుంపు మేస్త్రీ వస్తాడు. అడ్వాన్సు ఇస్తానంటాడు. ఇంట్లో బిడ్డ పెళ్లి అప్పు ఉంటుంది, లేదా బోరు వేయించి నీళ్లు పడని అప్పు ఉంటుంది. డబ్బు తీసుకుంటాడు. నాలుగు రోజులకు మూటాముల్లె కట్టుకుని ఆలుమగలు లారీ ఎక్కుతారు, పిల్లలు ముసలమ్మ దగ్గర ఉండిపోతారు. మహబూబ్‌నగర్‌కు పాత పేరైన పాలమూరు మీద ‘పాలమూరు లేబర్’ అనే పేరుతో దేశంలో ఎన్నో డ్యాములు, కాలువలు, రోడ్లు కట్టిన చేతులు ఇవి. మేస్త్రీ ఎవరినీ కొట్టి తీసుకెళ్లలేదు. కూలీ తనంతట తానే ఒప్పుకున్నాడు. అయితే అతను స్వతంత్రుడేనా?

మనిషి స్వభావం, స్వేచ్ఛ, సత్యం, సమాజం అని తత్వశాస్త్రం నాలుగు అధ్యాయాలు విడదీసి రాస్తుంది. ఈ ఒక్క కూలీ ముందు నిలబెడితే నాలుగూ ఒకటే అవుతాయి. అందుకే ఈ సమీక్షలో తాత్వికుల మాటలను కాలక్రమంలో పేర్చడం లేదు. ఒక్కొక్కరి ఆలోచననూ ఆ లారీ దగ్గరికి తెచ్చి, అది ఎంతవరకు జవాబు చెబుతుందో చూస్తున్నాను.

కోతిపిల్ల, పిల్లిపిల్ల

ముందు గుడిలోంచే మొదలుపెడదాం. శ్రీరంగం రామానుజులు బోధించిన చోటు. జీవుడు భగవంతుడికి శరీరం వంటివాడని, ఆయన మీద ఆధారపడి ఉన్నవాడని విశిష్టాద్వైతం చెబుతుంది. అలాగని జీవుడికి కర్తృత్వం లేదని చెప్పదు. పూనుకోవడం జీవుడి పని, దాన్ని సాగనివ్వడం భగవంతుడి అనుమతి. ఆ తర్వాతి తరాల్లో ఈ ప్రశ్న దగ్గరే శ్రీవైష్ణవం రెండు పాయలైంది. వేదాంత దేశికులను అనుసరించే వడగలై వారిది కోతిపిల్ల దారి. తల్లి గెంతుతుంటే పిల్ల తానే పొట్టను కరుచుకుని ఉండాలి, పట్టు వదిలితే పడిపోతుంది. పిళ్లై లోకాచార్యులను అనుసరించే తెంగలై వారిది పిల్లిపిల్ల దారి. తల్లి నోట కరుచుకుని తీసుకెళ్తుంది, పిల్ల చేయవలసిందల్లా పెనుగులాడకుండా ఉండటమే. మర్కట కిశోర న్యాయం, మార్జాల కిశోర న్యాయం అనేవి ఇవే.

మోక్షం గురించిన చర్చగానే దీన్ని చూస్తే ఇందులోని లోతు సగమే అందుతుంది. మన ప్రయత్నం ఎంత, మనకు దక్కినది ఎంత అనే లెక్క ప్రతి బతుకులోనూ ఉంటుంది. భగవంతుడి దగ్గర పిల్లిపిల్ల కావడంలో భద్రత ఉంది, ఎందుకంటే కరుచుకున్నది తల్లి. మనిషి దగ్గర మనిషి పిల్లిపిల్ల అయితే కరుచుకున్నది తల్లో కాదో ముందు తెలుసుకోవాలి. దొర దగ్గర ఏళ్ల తరబడి జీతం ఉన్న జీతగాడికి ‘నీ మంచిచెడ్డలు మేం చూసుకుంటాం’ అనే మాట చాలాసార్లు వినిపించింది. శరణాగతి భాషను దేవుడి దగ్గర్నుంచి దొర అప్పు తెచ్చుకున్న సందర్భం అది.

కర్మ సిద్ధాంతానికీ ఇదే గతి పట్టింది. సర్వేపల్లి రాధాకృష్ణన్ 1926లో ఆక్స్‌ఫర్డ్‌లో ఇచ్చిన ఉపన్యాసాలలో కర్మను తలరాత నుంచి విడదీసే ప్రయత్నం చేశారు. పేకాటలో ముక్కలు మన ఎంపిక కాదు, ఆడటం మాత్రం మనదే అన్నది ఆయన చూపిన పోలిక. గతం మనల్ని ఒక చోట నిలబెడుతుంది, అక్కడి నుంచి ఎటు నడవాలో మనమే నిర్ణయించుకుంటాం. నిస్పృహలో ఉన్నవాడికి ఇది ధైర్యం చెప్పే మాట. కానీ ఆట అన్నాక ముక్కలు పంచేవాడు ఒకడుంటాడు. తరతరాలుగా ఒకే వాడకు చిన్న ముక్కలే పడుతుంటే ఆటగాడి నేర్పు గురించి మాట్లాడే ముందు పంపకం గురించి అడగాలి. రాధాకృష్ణన్ పోలిక ఆ ప్రశ్న దగ్గర ఆగిపోతుంది.

మనిషి మంచివాడా, చెడ్డవాడా

పంచేవాడు ఎందుకలా పంచుతాడు? మనిషి పుట్టుకే అంతనా? యూరప్ ఈ ప్రశ్న మీద వందేళ్ల తేడాలో రెండు ఎదురెదురు జవాబులు ఇచ్చింది. ఇంగ్లండు అంతర్యుద్ధ కాలంలో బతికిన థామస్ హాబ్స్ 1651లో ‘లెవియతాన్’ రాశాడు. పై అధికారం లేకపోతే మనుషులు ఒకరినొకరు బతకనివ్వరు కాబట్టి భయం పుట్టించగల ప్రభుత్వం కావాలన్నాడు. 1762లో ‘సామాజిక ఒడంబడిక’ రాసిన రూసో దీన్ని తిరగేశాడు. మనిషి పుట్టుకతో చెడ్డవాడు కాదు, ఆస్తి, హోదా, పోటీ అతన్ని అలా చేశాయన్నాడు. 1845లో మార్క్స్ ఆ చర్చ పునాదినే కదిపాడు. మనిషి లోపల ఎక్కడో విడిగా దాక్కున్న ‘స్వభావం’ అంటూ లేదు, సామాజిక సంబంధాల మొత్తమే మనిషి సారం అన్నాడు. సంబంధాలు మారితే మనిషీ మారతాడనే ఆశ ఇక్కడి నుంచే పుట్టింది. 20వ శతాబ్దపు తెలుగు ఆలోచనలో ఇంత బలంగా పనిచేసిన ఆశ మరొకటి లేదు.

ఆ ఆశను ఇద్దరు తెలుగువాళ్లు లోపలి నుంచి పరీక్షించారు. ఒకరు త్రిపురనేని గోపీచంద్. ‘శంబుకవధ’ రాసి పురాణాన్ని నిలదీసిన రామస్వామి చౌదరి కొడుకు ఆయన. ఎం.ఎన్. రాయ్ పార్టీలో పనిచేసినవారు. పాశ్చాత్య, భారతీయ ఆలోచనాపరులను తెలుగు పాఠకుడికి పరిచయం చేస్తూ ‘తత్వవేత్తలు’ రాశారు. కానీ మనిషి స్వభావం గురించి ఆయన అసలు పరిశోధన 1947లో వచ్చిన ‘అసమర్థుని జీవయాత్ర’ నవలలో ఉంది. సీతారామారావును బయటి శత్రువు ఎవరూ పడగొట్టలేదు. వంశగౌరవం అనే గాలిబుడగ, చేతకానితనాన్ని తర్కంతో కప్పిపుచ్చుకునే తెలివి, ఎదుటివాడిలో తప్పు వెతికే అలవాటు, ఇవే అతన్ని నమిలేశాయి. సమాజం మనిషిని తయారుచేస్తుందన్న మాట నిజమే. తయారైన ఆ మనిషి తనను తాను ఎలా తినేసుకుంటాడో గోపీచంద్ చూపించాడు. ఆయన తర్వాతి రోజుల్లో అరవిందుల వైపు మళ్లడాన్ని చాలామంది వెనకడుగు అన్నారు. నాకది భౌతికవాదం జవాబు చెప్పని ఒక గదిలోకి దీపం పట్టుకెళ్లాలన్న తాపత్రయంలా కనిపిస్తుంది.

రెండోవారు కె. బాలగోపాల్. వరంగల్ కాకతీయ విశ్వవిద్యాలయంలో గణితం చెప్పి, 1983 నుంచి పదిహేనేళ్లు పౌరహక్కుల సంఘానికి ప్రధాన కార్యదర్శిగా ఉండి, 1998లో మానవ హక్కుల వేదికను నిలబెట్టి, 2009 అక్టోబరు 8న కన్నుమూసిన ఆయనకు తత్వశాస్త్రం తీరిక వేళ వ్యాపకం కాదు. ఎన్‌కౌంటర్ జరిగిన చోటికి, దాడి జరిగిన దళితవాడకు వెళ్లి వచ్చి, ఆ రాత్రి మనసులో మెదిలిన ప్రశ్నలనే వ్యాసాలుగా రాశారు. మార్క్సిజంలో వెలుగు పడని చోట్ల గురించి 1990లలో రాసినప్పుడు ఆయన చెప్పిన సంగతి స్థూలంగా ఇది: ఎదుటివాడి మీద పెత్తనం చేయాలన్న కోరిక వర్గం పోగానే పోయేది కాదు. మనిషిలో స్వార్థానికీ చోటుంది, సానుభూతికీ చోటుంది. ఒక తరం పోరాడి సంపాదించిన మంచిని తర్వాతి తరం కాపాడుకోకపోతే అది నిలవదు.

హాబ్స్ భయానికీ రూసో ఆశకూ మధ్య ఇంత నిలకడగా నిలబడ్డ ఆలోచన నాకు మరెక్కడా దొరకలేదు. మేస్త్రీనే చూడండి. అతనూ ఒకప్పుడు తట్ట మోసినవాడే అయి ఉండవచ్చు. పైనున్న కాంట్రాక్టరు దగ్గర తలవంచుతాడు, కిందున్న కూలీ దగ్గర తలెగరేస్తాడు. అతను రాక్షసుడు కాదు, దేవుడూ కాదు. అతని చేతికి ఎంత అధికారం ఇచ్చాం, దానికి ఎవరు అడ్డు ఉన్నారు అన్నదాన్ని బట్టి అతనిలో ఏ మనిషి బయటికి వస్తాడో తేలుతుంది.

ఒప్పుకున్నంత మాత్రాన

ఇప్పుడు అసలు ముడి. కూలీ ఒప్పుకున్నాడు కదా! ఒప్పుకోలును స్వేచ్ఛకు గుర్తుగా తీసుకునే ఆలోచన చాలా బలమైనది. బజారంతా దాని మీదే నడుస్తుంది. ఐజయా బెర్లిన్ 1958లో స్వేచ్ఛను రెండు రకాలుగా విడదీసి చూపాడు. ఎవరూ అడ్డుపడకపోవడం ఒకటి, తన బతుకును తాను నడుపుకోగలగడం ఇంకొకటి. మొదటి అర్థంలో కూలీ స్వతంత్రుడే, లారీ ఎక్కమని అతన్ని ఎవరూ తోయలేదు. రెండో అర్థంలో చూస్తే, ఎక్కకుండా ఉండే దారి అతనికి ఎన్నడూ లేదు. రెండో రకం స్వేచ్ఛ పేరు చెప్పి పాలకులు జనం నెత్తిన తమ ఇష్టాన్ని రుద్దుతారని బెర్లిన్ భయపడ్డాడు. ఆయన కాలాన్ని బట్టి ఆ భయం సబబే. కానీ మొదటి రకం దగ్గరే ఆగిపోతే ఆకలి చేసే బలవంతం మన లెక్కలోకి రాకుండా పోతుంది.

జాన్ స్టూవర్ట్ మిల్ 1859లో రాసిన ‘స్వేచ్ఛ’ గ్రంథంలో ఈ ముడికి ఒక కొస ఉంది. తనను తాను బానిసగా అమ్ముకునే ఒప్పందాన్ని స్వేచ్ఛ పేరుతో సమర్థించలేం అన్నాడు మిల్. ఆ ఒక్క సంతకంతో మనిషి ఇకపై చేయగల సంతకాలన్నీ వదులుకుంటాడు కాబట్టి. స్వేచ్ఛను వదులుకునే స్వేచ్ఛ ఉండదు. అడ్వాన్సు తీరేదాకా వెనక్కి రాకూడదన్న కట్టడికి, పని మధ్యలో మానేస్తే ఇంటి మీదికి వస్తామన్న బెదిరింపుకు ఈ మాట సూటిగా తగులుతుంది. నిజాం కాలంలో భగేలా అన్నా, పల్లెలో జీతం ఉండటం అన్నా, మేస్త్రీ కాలంలో అడ్వాన్సు అన్నా పేర్లే వేరు. అప్పును మెడకు కట్టి మనిషిని పనికి కట్టేయడం మూడింటిలోనూ ఉంది.

తాత్వికుల కంటే స్పష్టంగా ఈ మాట చెప్పింది ఒక న్యాయస్థానం. రాజ్యాంగం 23వ అధికరణం వెట్టిని, బలవంతపు చాకిరీని నిషేధించింది. 1976లో వెట్టిచాకిరీ నిర్మూలన చట్టం వచ్చింది. 1982లో ఢిల్లీలో ఆసియా క్రీడల కోసం కట్టడాలు కడుతున్న కూలీల తరఫున పీయూడీఆర్ అనే హక్కుల సంస్థ సుప్రీంకోర్టుకు వెళ్లింది. కొరడా పట్టుకున్నవాడు లేకపోతే బలవంతం లేనట్టేనా అన్నది చర్చకు వచ్చింది. కోర్టు కాదంది. ఆకలి, పేదరికం మనిషికి వేరే దారి లేకుండా చేస్తే అదీ బలవంతమే. కనీస వేతనం కంటే తక్కువకు పనిచేయడానికి ఎవరైనా ఒప్పుకున్నారంటే ఆ ఒప్పుకోలు వెనక బలవంతం ఉన్నట్టే లెక్క. తత్వశాస్త్రం వందేళ్లు నలిగిన ప్రశ్నకు తట్ట మోసిన చేతుల ముందు నిలబడి ఇచ్చిన తీర్పు ఇది. ఆ తీర్పు అమలు ఎంతవరకు జరిగిందన్నది వేరే దుఃఖం. తీర్పు చెప్పిన సత్యం మాత్రం నిలిచే ఉంది.

ఇదే గడ్డ మీద ఇంకో ఒప్పుకోలు కూడా ఉండేది. పాలమూరు పల్లెల్లో దళిత కుటుంబాల ఆడపిల్లలను ఊహ తెలియని వయసులో దేవత పేరున తాళి కట్టి జోగినిగా మార్చేవారు. తల్లిదండ్రులు మొక్కుకున్నారు, ఊరు పెద్దలు కూర్చున్నారు, బిడ్డ ఎదురు చెప్పలేదు. అందరూ ఒప్పుకున్నట్టే. 1988లో రాష్ట్రం దీన్ని నిషేధిస్తూ చట్టం చేసింది. బయటపడ్డ మహిళలే సంఘాలు కట్టి, కొత్తగా ఏ బిడ్డ మెడలోనూ ఆ తాళి పడకుండా ఊరూరా కాపలా కాశారు. మనిషి స్వేచ్ఛ నుంచి తప్పించుకోలేడని, ఎంచుకోకపోవడం కూడా ఎంచుకోవడమేనని సార్త్ర్ అన్నాడు. తప్పించుకుంటున్న పెద్దమనిషికి అది చెంపదెబ్బ. ఏడేళ్ల బిడ్డ విషయంలో ఆ మాట చెల్లదు. ఎంచుకునే శక్తి మనిషికి పుట్టుకతో పూర్తిగా రాదు, ఎవరో ఒకరు ఆ చోటును ఆమెకు కల్పించాలి. ఆ చోటును కల్పించినవాళ్లు ఒకప్పటి జోగినులే అన్నది నేను ఈ ప్రాంతం నుంచి నేర్చుకున్న అన్నిటికంటే పెద్ద తత్వం.

నిజం ఎవరి చేతిలో

అబద్ధం మీద స్వేచ్ఛ నిలవదు. అడ్వాన్సు ఎంత, అందులో ఎంత తీరింది, ఇంకా ఎంత మిగిలింది అన్న లెక్క మేస్త్రీ పుస్తకంలో ఉంటుంది. చదువు రాని కూలీకి ఆ పుస్తకమే సత్యం. కాబట్టి సత్యం అంటే ఏమిటి అనే ప్రశ్నకు ముందు, పుస్తకం ఎవరి చేతిలో ఉంది అన్న ప్రశ్న ఉంది.

తెలుగునేల మీద ఈ అనుమానం చాలా పాతది. కృష్ణ ఒడ్డున నాగార్జునకొండతో సంప్రదాయం ముడిపెట్టే బౌద్ధాచార్యుడు నాగార్జునుడు సుమారు రెండో శతాబ్దంలోనే సత్యాన్ని రెండు అంతస్తుల్లో చూశాడు. లోకం వాడుకలో సరిపోయే సంవృతి సత్యం ఒకటి, దాని పైన పరమార్థ సత్యం. ఏ వస్తువుకూ దానంతట దానికి స్వభావం లేదు, ప్రతిదీ వేరొకదాని మీద ఆధారపడే ఉంది. పెద్ద, చిన్న అనే అంతరాలు దేవుడు గీసిన గీతలు కావని, పరస్పరం ఆధారపడి నిలిచినవని ఈ దారిలో ఎవరైనా నడిచి తెలుసుకోవచ్చు. ఆ లోయలోనే 1955లో నాగార్జునసాగర్‌కు పునాది పడింది, పాలమూరు కూలీల చేతులు అక్కడా రాళ్లు మోశాయి. పరస్పరాధారాన్ని బోధించినవాడి పేరున్న ఆనకట్టను కట్టిన చేతులు ఎవరి మీద ఎవరు ఆధారపడ్డారో లోకానికి చూపించాయి. లోకం మాత్రం ఆ పేర్లు ఎక్కడా రాసుకోలేదు.

వేమన ఈ అనుమానాన్ని శాస్త్రగ్రంథాల నుంచి దించి ఊరి నాలుకల మీద పెట్టాడు. ఆయన పద్యాలను సి.పి. బ్రౌన్ ఏరి 1829లో అచ్చు వేయకముందే అవి జనం నోట ఉన్నాయి. విగ్రహాన్ని, కులాన్ని, వేషాన్ని, గురువును, తన మనసును, దేన్నీ పరీక్ష లేకుండా వదల్లేదు. పండితులు ఆయన్ను కవిగా ఒప్పుకోవడానికి చాలాకాలం తటపటాయించారు. వేమన పరీక్షకు ఒకే గీటురాయి ఉంది, అది అనుభవం. చదవడం రానివాడు కూడా ఆ గీటురాయిని వాడుకోగలడు. సత్యాన్ని పుస్తకం చేతిలోంచి తీసి మనిషి చేతిలో పెట్టినవాడిగా ఆయన్ను నార్ల వెంకటేశ్వరరావు వంటి హేతువాదులు తమవాడిగా చెప్పుకోవడంలో ఆశ్చర్యం లేదు.

గత శతాబ్దంలో ఈ దారి మూడు పాయలైంది. గాంధీ ‘దేవుడే సత్యం’ అన్న మాటను తిరగేసి ‘సత్యమే దేవుడు’ అన్నాడు. నాస్తికుడికి కూడా తన పక్కన చోటు మిగిల్చాడు. ఆ చోటుకు మన గోరా వెళ్లాడు. 1940లో ముదునూరులో నాస్తిక కేంద్రం పెట్టి, తర్వాత విజయవాడకు మార్చిన గోపరాజు రామచంద్రరావు గాంధీతో కూర్చుని వాదించాడు. దేవుడు లేడని నిరూపించడం ఆయన అసలు తపన కాదు. తలరాత మీద భారం వేసే అలవాటు పోతేనే మనిషి తన బతుక్కి తానే బాధ్యుడవుతాడని, అంటరానితనం కూడా అప్పుడే పోతుందని ఆయన నమ్మాడు. మూడో పాయ మదనపల్లెలో 1895లో పుట్టిన జిడ్డు కృష్ణమూర్తిది. లోకగురువుగా కూర్చోబెట్టడానికి కట్టిన సంస్థను 1929 ఆగస్టు 3న హాలెండులోని ఓమెన్‌లో, వేలమంది అనుయాయుల ముందు ఆయనే రద్దు చేశాడు. సత్యానికి సంస్థ దారి వేయలేదని, మరొకరి అధికారాన్ని తలకెత్తుకున్నవాడు తన కళ్లతో చూడలేడని చెప్పాడు. సింహాసనం వద్దనడం చిన్న సంగతి కాదు. జీవితాంతం ఆయన అడిగింది ఒక్కటే: భయం లేకుండా మీ మనసును మీరు చూడగలరా?

కృష్ణమూర్తి ముందు తలవంచుతూనే ఒక మాట అనాలి. భయం మనసులో పుడుతుందన్నది నిజం, మేస్త్రీ పుస్తకంలోనూ పుడుతుంది. లోపలి భయాన్ని చూసుకోవడానికి ఒక నిశ్శబ్దం కావాలి, అది ఆయన బడి ఉన్న రిషివ్యాలీ కొండల మధ్య దొరికినంతగా కూలీల గుడిసెల్లో దొరకదు. కాబట్టి కృష్ణమూర్తి పక్కన మరొకరిని కూడా కూర్చోబెట్టుకోవాలి. ఆయన ఈ గడ్డవాడే.

గద్వాల ప్రాంతపు బోరవెల్లిలో 1896లో పుట్టిన సురవరం ప్రతాపరెడ్డిని తత్వవేత్తల జాబితాలో ఎవరూ చేర్చరు. చేర్చాలన్నది నా పట్టుదల. సభ పెట్టాలన్నా ‘గస్తీ నిషాన్ 53’ కింద నిజాం సర్కారు అనుమతి కావలసిన రోజుల్లో, 1926లో ఆయన గోలకొండ పత్రిక మొదలుపెట్టాడు. తెలంగాణలో తెలుగు కవులు లేరన్న మాటకు 1934లో 354 మంది కవులతో ‘గోలకొండ కవుల సంచిక’ తెచ్చి జవాబు చెప్పాడు. అరిచి వాదించలేదు, పేర్లు చూపించాడు. 1949లో ‘ఆంధ్రుల సాంఘిక చరిత్ర’ వెలువరించాడు. రాజుల యుద్ధాలు పక్కనపెట్టి జనం ఏం తిన్నారు, ఏం కట్టుకున్నారు, ఏ ఆటలు ఆడారు, ఏ పండగలు చేసుకున్నారు అని కావ్యాలను వడకట్టి రాసిన చరిత్ర అది. చరిత్ర అనే పుస్తకం ఎవరి చేతిలో ఉండాలో ఆయన మార్చేశాడు. 1952లో వనపర్తి ప్రజలు ఆయన్ను శాసనసభకు పంపారు. మరుసటి ఏడే, 1953లో ఆయన కన్నుమూశాడు. సత్యం అంటే ఏమిటో ప్రతాపరెడ్డి నిర్వచించలేదు. సత్యంలో చోటు దక్కనివాళ్లకు చోటు ఇచ్చాడు.

ఊరు ఎవరిది

గద్వాలకు ‘విద్వద్గద్వాల’ అని పేరు. గద్వాల, వనపర్తి, ఆత్మకూరు, కొల్లాపూర్ సంస్థానాల్లో పండితులకు వర్షాశనాలు దక్కాయి, శాస్త్రచర్చలు జరిగాయి, కావ్యాలు అంకితాలు పొందాయి. ద్వైతమా అద్వైతమా అని రాత్రుళ్లు వాదించుకున్న సభలవి. ఆ సభలను తేలిక చేయడం తగదు, నిజాం రాజ్యంలో తెలుగు నిలిచిన చోట్లలో అవీ ఉన్నాయి. అయితే జీవుడికి స్వాతంత్ర్యం ఉందా అని సభలో చర్చ జరుగుతున్నప్పుడు పంకా లాగుతున్నవాడి స్వాతంత్ర్యం చర్చకు రాలేదు. తత్వశాస్త్రం ప్రతి కాలంలోనూ చేసిన పెద్ద పొరపాటు ఇదే. ‘మనిషి’ అన్న మాట వాడుతూ సభలో కూర్చున్నవాళ్లనే లెక్కించింది.

ఆ లెక్కను సరిచేసినవాడు అంబేడ్కర్. 1936లో ‘కుల నిర్మూలన’ ఉపన్యాసాన్ని లాహోర్ సభవాళ్లు వినడానికి సిద్ధపడకపోతే తానే అచ్చు వేశాడు. స్వేచ్ఛ, సమానత్వం, సోదరభావం మూడింటినీ విడదీస్తే ఏదీ బతకదన్నది ఆయన సిద్ధాంతం. కులం పనిని పంచడంతో ఆగదు, పనివాళ్లనే మెట్లుగా పేరుస్తుందని చూపాడు. 1949 నవంబరు 25న రాజ్యాంగ సభలో మాట్లాడుతూ, ఓటులో సమానులమై బతుకులో అసమానులుగా ఉండే వైరుధ్యాన్ని ఎన్నాళ్లు మోస్తామని హెచ్చరించాడు. శ్రీరంగాపూర్ గుడి మెట్ల మీద కూర్చుని ఆ ప్రసంగం చదివితే ఒక్కొక్క వాక్యానికీ ఒక్కో వాడ గుర్తొస్తుంది.

ఎం.ఎన్. రాయ్ 1946లో ప్రకటించిన 22 సూత్రాలలో స్వేచ్ఛాన్వేషణను, సత్యాన్వేషణను మానవ ప్రగతికి మూల ప్రేరణలుగా చెప్పాడు. బతకాలన్న జీవి తపనే పైస్థాయిలో స్వేచ్ఛ కోసం తపన అవుతుందన్నాడు. తర్వాత రెండేళ్లకే తన పార్టీని తానే రద్దు చేసుకున్నాడు. ఆవుల గోపాలకృష్ణమూర్తి, రావిపూడి వెంకటాద్రి వంటివారు ఈ మానవవాదాన్ని కోస్తా పల్లెల్లో పాఠశాలలు పెట్టి చెప్పారు. వ్యక్తి లేని సమాజం ఒట్టి మాట అన్నది వాళ్ల బలం. చదువుకున్న రైతు కుటుంబాలను దాటి భూమి లేని కూలీ గడప దాకా ఆ బడి అంతగా చేరలేదన్నది దాని కొరత.

ఆ గడప దాకా వెళ్లిన ఆలోచన అమర్త్య సేన్‌ది. 1999లో వెలువడిన ‘స్వేచ్ఛగా అభివృద్ధి’ పుస్తకంలో ఆయన స్వేచ్ఛను చేయగలిగే శక్తిగా కొలిచాడు. చదవగలడా, ఆకలి తీర్చుకోగలడా, సిగ్గుపడకుండా నలుగురిలో తిరగగలడా అన్నవే కొలమానాలు. ఈ లెక్కన చెరువు కూడా స్వేచ్ఛలో భాగమే. కృష్ణ, తుంగభద్ర పక్కనే పారుతున్నా పాలమూరు ఎండిపోయింది. 1981లో శ్రీశైలం జలాశయం నిండినప్పుడు అలంపూర్, కొల్లాపూర్ వైపు పల్లెలు మునిగాయి, నీళ్లు మాత్రం వేరే చోటికి వెళ్లాయి. తర్వాత్తర్వాత ఎత్తిపోతలు వచ్చాయి. భీమా పథకం కింద ఈ రంగసముద్రమే జలాశయమైంది. గుడి నీడ నిలిచే ఆ చెరువే ఇప్పుడు పొలాలకు నీళ్లు పంపుతోంది. తడిసిన పొలం ఉన్నవాడు మేస్త్రీతో మాట్లాడే తీరే వేరు.

సమీక్ష చివర

ఇంతమందిని కలిసి వచ్చాక నాకు మిగిలిన సంగతి ఒకటి ఉంది. వీళ్లంతా ఏదో ఒకదానికి ‘కాదు’ అన్నవాళ్లే. వేమన వేషానికి, కృష్ణమూర్తి సింహాసనానికి, గోరా తలరాతకు, అంబేడ్కర్ మెట్లకు, ప్రతాపరెడ్డి ‘మీకు కవులు లేరు’ అన్న మాటకు, బాలగోపాల్ తాను నమ్మిన సిద్ధాంతంలోని చీకటికి ‘కాదు’ అన్నారు. మనిషి స్వభావంలో దేవుడున్నాడా, తోడేలున్నదా అని వెతకడం కంటే ఇది గట్టి ఆనవాలు. తనకు అలవాటైనదాన్ని, తన కడుపు నింపేదాన్ని కూడా కాదనగల ప్రాణి మనిషి.

స్వేచ్ఛ అంటే ఆ ‘కాదు’ అన్నాక కూడా ఆ పూట బువ్వ దొరకడం. సత్యం అంటే ఆ ‘కాదు’ అనడానికి కావలసిన లెక్క తన చేతిలో ఉండటం. మంచి సమాజం అంటే ‘కాదు’ అన్నవాడిని ఊరు వెలివేయకపోవడం. నాలుగు అధ్యాయాలూ ఈ ఒక్క మాట దగ్గర కలుస్తాయి. లోపలి విముక్తి గొప్పదా, బయటి విముక్తి గొప్పదా అన్న పాత తగువు కూడా ఇక్కడే తీరుతుంది. నోరు తెరవడానికి లోపల ధైర్యం కావాలి, తెరిచాక బతకడానికి బయట నీళ్లు, చదువు, కూలి రేటు, సంఘం కావాలి. కోతిపిల్ల పట్టు ఎంత గట్టిదైనా, పట్టుకోవడానికి తల్లి పొట్ట ఉండాలి కదా.

ఈ పల్లెల్లో పండగ మళ్లీ వస్తుంది. మేస్త్రీ మళ్లీ వస్తాడు, గడప ముందు కూర్చుని నోట్లు లెక్కపెడతాడు. లోపలి నుంచి ఇల్లాలు మొగుడి వైపు చూస్తుంది. చెలకలో ఈసారి తడి ఉంది, బిడ్డ బడికి పోతోంది, పాత అప్పు కాగితం తానే చదువుకుంది. అతను తువ్వాలు దులిపి భుజాన వేసుకుని, ‘ఈ ఏడు రాను మేస్త్రీ’ అంటాడు. ఆ మాట అన్న రాత్రి ఆ ఇంట్లో పొయ్యి వెలిగితే, పుస్తకాలలోని స్వేచ్ఛ ఆ ఇంటికి చేరినట్టే.